పాటను పంచుకొనువారికి
(మా కేంద్రమునుండి ప్రసారమైన ప్రసంగ పాఠము)



హరికథను గూర్చి ఒక కార్యక్రమమును సిద్ధపరచుచు, తమ యిండ్లలో పాత రికార్డింగులు ఏవైన ఉన్నచో పంపవలసినదిగా కొంతకాలము క్రిందట మేము శ్రోతలను కోరితిమి. చాలమంది పంపిరి. వానిలో ఒకటి తెనాలి ప్రాంతమునుండి ఒక సోదరి పంపినది. ఆమె తాతగారు హరిదాసు. కీర్తికై పట్టణములకు పోక, చుట్టుప్రక్కల గ్రామములలోనే నలుబది యేండ్లు కథలు చెప్పినవారు. 1984వ సంవత్సరమున శ్రీరామనవమి పందిటిలో ఆయన చెప్పిన కథను మేనల్లుడొకడు క్యాసెట్టుమీద పట్టెనట. మరుసటి యేడే తాతగారు కాలము చేసిరి. ఆ కంఠమునకు మిగిలిన గుర్తు అదొక్కటే.

ఆ సోదరి సెల్‌ఫోను ద్వారా పంపిన ఫైలును తెరచి వింటిమి. మాట అర్థమగుచున్నది, రాగము తెలియుచున్నది. కాని చిడతలు మ్రోగినప్పుడెల్ల, ఆ గలగలకు మారుగా రేకుమీద ఇసుక చల్లినట్టి చప్పుడు వచ్చుచున్నది. తాళముల మ్రోత నీటిలో మునిగి విన్నట్లున్నది. ఫైలు వివరములలో మాత్రము 320 అను అంకె కనబడుచున్నది. ఎం.పి.3 ఫైళ్లలో అదియే పై మెట్టు. అంత పెద్ద అంకె ఉండియు పాట ఇంత పేదగా నుండుటకు కారణమేమి? ఈ దినములలో పాటను పంపని యిల్లు లేదు. ఎంత నాణ్యముతో పంపవలెనని ఆలోచించు యిల్లు మాత్రము అరుదు. కావున ఆ ప్రశ్ననే పట్టుకొని నేడు కొంత ముచ్చటింతము.

మొదట ఈ అంకెల అర్థమేమో చూతము. శబ్దమనగా గాలిలో పుట్టు అల. దానిని అంకెలుగా వ్రాయవలెనన్న, క్షణక్షణమునకు ఆ యల ఎత్తును కొలువవలెను. మన స్త్రీలు వాకిట ముగ్గు పెట్టునప్పుడు ముందు చుక్కలు పెట్టి, పిమ్మట వానిని ఆధారముగా గొని గీత త్రిప్పుదురు గదా! ఇదియు అట్టిదే. చుక్కలు దూరదూరముగా నున్నచో సన్నని వంపులు పోవును. తగినంత దగ్గరగా నున్నచో గీత యంతయు తిరిగి వచ్చును. పట్టదలచిన మిక్కిలి హెచ్చు శ్రుతికి రెండింతలకంటె ఎక్కువ చుక్కలుండవలెనని గణితము చెప్పుచున్నది. మానవుని చెవి సెకనుకు ఇంచుమించు 20,000 కంపనములవరకు వినగలదు. కావుననే 1982లో అంగడికి వచ్చిన కాంపాక్టు డిస్కు సెకనుకు 44,100 పర్యాయములు శబ్దమును కొలుచునట్లు ఏర్పరచిరి. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. అనగా 65,536 మెట్లు గల కొలబద్ద. కుడియెడమ మార్గములు రెండింటికిని కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. దీనినే వాడుకలో 1,411 కిలోబిట్లందురు. నిమిషమునకు పదిన్నర మెగాబైట్లు. అయిదు నిమిషముల కీర్తనకు ఇంచుమించు 53 మెగాబైట్లు.

మన ఫైళ్లలో కనబడు 64, 128, 192, 320 అను అంకెలు, ఈ 1,411కు బదులుగా సెకనుకు ఎన్ని కిలోబిట్లు వాడబడుచున్నవో తెలుపునట్టివి. అంకె చిన్నదైన కొలది ఫైలు తేలిక; పంపుట సులభము; ఫోనులో చోటు ఆదా. అయిదు నిమిషముల కీర్తన 320 వద్ద 12 మెగాబైట్లు, 192 వద్ద 7, 128 వద్ద 5కు లోపు, 64 వద్ద రెండున్నరకు లోపు అగును. రెండు గంటల కచ్చేరి డిస్కు నాణ్యముతో 1,270 మెగాబైట్లు కాగా, 128 వద్ద 115 మాత్రమే. పదకొండు వంతులలో పది వంతులు తీసివేసినను పాట పాటగానే వినబడుట ఆశ్చర్యము గాదా? ఆ పది వంతులు ఎచ్చటికి పోయినవి?

ఫైలును తేలికపరచుటకు రెండు మార్గములు గలవు. మొదటిది మడతపెట్టుట. పట్టుచీరను మడచి పెట్టెలో పెట్టినచో చోటు తగ్గును. విప్పినచో పోగైనను పోదు. అట్టి పద్ధతులలో ఫ్లాక్ అనునది ప్రసిద్ధము. ఇది 2001లో వెలువడినది. ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. దీనితో ఫైలు సగమునకో, మూడింట రెండు వంతులకో తగ్గును. తెరచినప్పుడు మొదటి అంకెలన్నియు ఒక్కటి తప్పక తిరిగి వచ్చును. రెండవది కత్తిరించుట. చెవికి తెలియదని తోచిన భాగములను తీసివేయుట. ఎం.పి.3 ఈ జాతికి చెందినది.

చెవికి తెలియని భాగములుండునా యని మీరడుగవచ్చును. ఊరేగింపులో డప్పులు మ్రోగుచుండగా ప్రక్కవాడు చెవిలో చెప్పిన మాట మనకు వినబడదు. మాట గాలిలో నున్నది. మన చెవికి మాత్రము చేరలేదు. ఒక గట్టి ధ్వని తనకు దగ్గర శ్రుతిలోని మెల్లని ధ్వనులను ఇట్లే కప్పివేయును. కప్పబడినదానిని వ్రాయనేల యని ఇంజనీర్లు ఆలోచించిరి. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో పనిచేసిన కార్ల్‌హైన్స్ బ్రాండెన్‌బుర్గ్ మొదలైనవారు ఈ కృషిలో ప్రముఖులు. 1992లో ఈ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణముగా రూపొందినది, ఎం.పి.3 అను పేరు 1995లో పెట్టబడినది. పేటెంటుల గడువులు తీరుచుండగా 2017లో దాని లైసెన్సు వసూళ్లును ముగిసినవి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పవలెను. తమ పద్ధతిని పరీక్షించుటకు బ్రాండెన్‌బుర్గ్‌గారు ఎంచుకొన్న పాటలలో సుజాన్ వేగా యను అమెరికా గాయని పాడిన 'టామ్స్ డైనర్' ఒకటి. అందులో వాద్యము లేదు, కంఠమొక్కటే. పెద్ద మేళములతో చక్కగా నడచిన పద్ధతి ఈ ఒంటరి గొంతు దగ్గర తడబడినది. కప్పిపెట్టుటకు ప్రక్కన మరియొక ధ్వని లేదు గదా! ఆ పాటను మరల మరల విని వారు తమ పద్ధతిని సవరించుకొనిరి. ఎంత పెద్ద హంగు ఉన్న పాటయైన అంత కష్టమని మనమనుకొందుము. యంత్రమునకు నిరాడంబరమైన పాటయే కష్టము కావచ్చును.

కష్టమైనది మరియొకటి కలదు. అది చిడతల వంటి వాద్యము. పాశ్చాత్యుల కాస్టనెట్స్ అను చేతివాద్యము ఈ పరీక్షలలో పేరుపడినది. మన హరిదాసుల చిడతలకు అది చుట్టమని చెప్పవచ్చును. కారణము చూడుడు. ఎం.పి.3 పద్ధతి శబ్దమును సెకనులో నూరవ వంతు చొప్పున, ఇంచుమించుగా, తునుకలు చేసి ఒక్కొక్క తునుకను విడిగా కుదించును. కుదించుటలో వచ్చు తప్పు తునుక యంతట పరచుకొనును. గాత్రమువలె నిలుకడగా సాగు ధ్వనిలో ఆ తప్పు దాగిపోవును. చిడత దెబ్బ అట్లు కాదు. దెబ్బకు ముందు నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో తప్పు పరచుకొన్నచో, దెబ్బ పడకముందే చిన్న గీర వినబడును. దానిని తప్పించుటకు యంత్రము అట్టి చోట్ల మరింత చిన్న తునుకలు చేయును. అందులకు బిట్లు ఎక్కువ కావలెను. బిట్లు చాలనిచో దెబ్బ పదును పోయి ఇసుక చప్పుడగును. కంచుతాళములు, గజ్జెలు, సభలోని కరతాళ ధ్వనులు ఇవన్నియు ఇట్లే మొదట చెడును. తంబుర నాదములోని సన్నని జీరయు తగ్గు బిట్లలో నీటిమీది నీడవలె కదలాడును.

అట్లైన ఎంత అంకె చాలును? దీనికి మీ చెవులే సాక్షులు. ఇంటిలో సులభముగా చేయదగిన పరీక్ష ఒకటి చెప్పెదము. పూర్తి నాణ్యము గల ఒక పాటను తీసికొని, దానినుండి 128 వద్ద ఒక నకలు చేయుడు. మీరు కన్నులు మూసికొని కూర్చుండుడు. ఇంటివారెవరైనను అసలునో, నకలునో తమ యిష్టము వచ్చిన వరుసలో పదిసార్లు వినిపించుచుండగా ఏది యేదో చెప్పుడు. అయిదారు సరిపోయిన బొమ్మా బొరుసు వేసినట్లే. తొమ్మిదియో, పదియో సరిపోయినచో మీకు నిజముగా తెలియుచున్నదని అర్థము. ఊహించి చెప్పువానికి అట్లగుట నూటికి ఒక్కసారి మాత్రమే. మాలో కొందరమును ఈ పరీక్ష చేసికొంటిమి. 128 వద్ద చిడతలు, తాళములు ఉన్న చోట్ల గుర్తుపట్టితిమి. 192 దాటిన పిమ్మట మా అంచనాలన్నియు బొమ్మా బొరుసే. నలుబది దాటిన చెవులకు పైశ్రుతులు తగ్గునన్న సత్యమును ఒప్పుకొనక తప్పలేదు. ఇంటిలోని పిల్లలను గూడ కూర్చుండబెట్టుడు; వారి చెవులు మనకంటె వాడి.

కావున మా సలహా యిది. ప్రసంగము, ఉత్తరమువలె పంపు మాట, పుస్తక పఠనము మొదలైనవి ఒకే మార్గముతో 64 కిలోబిట్ల ఎం.పి.3గా పంపిన చాలును. 2012లో ప్రమాణమైన ఓపస్ పద్ధతి అయినచో అందులో సగమే చాలును. సంగీతమును మిత్రులకు పంపునప్పుడు ఎం.పి.3 అయినచో 192కు తగ్గవద్దు. చిడతలు, ఘటము, తాళములు, తంబుర ముఖ్యముగా నున్నచోట 256, 320 వాడుడు. బిట్ల వేగము మారుచుండు పద్ధతి మీ సాధనములో నున్నచో అది మేలు. సులువైన చోట తక్కువ, చిక్కైన చోట ఎక్కువ బిట్లు వాడును. ఏ.ఏ.సి., ఓపస్ పద్ధతులు ఎం.పి.3 తరువాత వచ్చినవి గనుక అదే నాణ్యమును కొంత తక్కువ అంకెలోనే ఇచ్చును. పంపిన దానిని కుదించి వినిపించు వేదికలకు, అనగా యూట్యూబు వంటి వానికి, ఎక్కించునప్పుడు మాత్రము పూర్తి ఫైలునే యీయుడు. అది ఎట్లును కత్తిరించును. కత్తిరించిన గుడ్డను మరల కత్తిరింపనీయకుడు.

ఈ తుదిమాటలోనే మన సోదరి ఫైలు రహస్యమున్నది. ఒకసారి తీసివేసిన ధ్వని తిరిగి రాదు. 64 కిలోబిట్ల ఫైలును 320గా మార్చినచో ఏమగును? గిద్దెడు పాలను కుంచములో పోసినట్లగును. పాత్ర పెద్దది; పాలు అవియే. పైగా ప్రతి మార్పులోను యంత్రము మరల కత్తిరించును గనుక పాలలో కొన్ని ఒలికిపోవును. మేము ఆ ఫైలులోని శ్రుతులను చిత్రముగా చూపు సాధనముతో పరీక్షించితిమి. 11,000 కంపనములకు పైన గోడ కట్టినట్లు శూన్యము. క్యాసెట్టులో పైశ్రుతులు క్రమముగా సన్నగిల్లునే కాని ఇట్లు గీత గీసినట్లు తెగిపోవు. అనగా ఈ పాట ఎక్కడనో ఒకసారి మిక్కిలి చిన్న అంకెకు కుదింపబడి, పిమ్మట పెద్ద అంకె తగిలించుకొన్నది. ఫైలుమీది అంకె దాని నేటి బరువును చెప్పును. దాని పూర్వచరిత్రను చెప్పదు.

మేము ఆ సోదరికి ఫోను చేసి అడుగగా చరిత్ర బయటపడినది. 2006లో బంధువులందరికి ఒక్కొక్క డిస్కు ఈయవలెనని క్యాసెట్టును పట్టణములోని ఒక దుకాణమున నిచ్చిరట. వారు ఇతర పాటలెన్నింటితోనో కలిపి ఒకే డిస్కులో ఇమిడించుటకు మిక్కిలి కుదించిరి. "ఇక డిస్కు వచ్చినది గదా" యని క్యాసెట్టును ఎవరును తిరిగి తెచ్చుకొనలేదు. తరువాత విదేశములోని ఒక మనుమడు నాణ్యము పెంచుదునని దానిని 320కి మార్చి, వెనుకనున్న బుసను తీసివేయించి, కుటుంబమునకంతకు పంపెను. ఎవరును తప్పుచేయదలచినవారు కారు. అందరును ప్రేమతోనే చేసిరి. చేయకుండిన పని యొక్కటే: అసలును దాచియుంచుట.

కావున పాత క్యాసెట్టులు, టేపులు గలవారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. అంకెలలోనికి మార్పించునప్పుడు కుదింపు లేని ఫైలుగానే మార్పించుడు. శబ్ద భాండాగారముల అంతర్జాతీయ సంఘము సెకనుకు 48,000 కొలతలకు, కొలతకు 24 బిట్లకు తగ్గవద్దని చెప్పుచున్నది. వినుటకు డిస్కు నాణ్యము చాలును. పట్టునప్పుడు మాత్రము ఈ అదనపు బిట్లు మెల్లని ధ్వనులకు అండగా నుండును. ధ్వని మట్టమును మరీ పైకి ఎత్తవద్దు. పరిమితి దాటిన అల తల తెగిపోవును, అది మరల మొలవదు. బుస తీయుట, మెరుగుపెట్టుట అన్నియు నకలుమీదనే చేయుడు. అసలు ఫైలును ఫ్లాక్‌గా మడచి రెండు చోట్ల దాచుడు. గాయకుడెవరు, ప్రక్కవాద్యములెవరివి, ఏ యూరు, ఏ సంవత్సరము అనునవి ఫైలుతో వ్రాసియుంచుడు. పంచుకొనుటకు చిన్న నకళ్లు ఎన్నియైనను చేయుడు. ప్రతి నకలును అసలునుండియే చేయుడు, నకలునుండి నకలు చేయవద్దు.

పంపుటలోను కొంత జాగ్రత్త కావలెను. ఒక ఫోనులో పాట మ్రోగించి, మరియొక ఫోను దగ్గర పెట్టి మాట సందేశముగా పట్టి పంపుట కొందరికి అలవాటు. మాట సందేశములు మాటకొరకే కుదింపబడును. అందు సంగీతము నిలువదు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపినచో ఫైలు ఉన్నదున్నట్లు చేరును. తీగ లేని బ్లూటూత్ సాధనములు పాటను సాధారణముగా మరల కుదించియే చెవికి చేర్చునని గుర్తుంచుకొని, నాణ్యమును పరీక్షించునప్పుడు తీగ గల సాధనముతో వినుడు.

హక్కుల మాటయు మరువరాదు. మన దేశములో 1957నాటి కాపీరైటు చట్టము ననుసరించి శబ్ద ముద్రణకు హక్కు, అది ప్రచురింపబడిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు. రచనకును, స్వరమునకును కర్త జీవితకాలము, ఆపైన 60 ఏండ్లు. త్యాగరాజస్వామి కృతి అందరిదియే. దానిని ఒక విద్వాంసుడు పాడగా ముద్రించిన రికార్డు అందరిది కాకపోవచ్చును. మీ యింటి పెద్దల పాటను పంచుకొనునప్పుడును ఇంటివారి సమ్మతి గైకొనుట మర్యాద.

ఇక ఆ హరికథ సంగతి. క్యాసెట్టు పోయినది గదా యని మేమును ఆశ వదలుకొంటిమి. ఒకనాడు ఆ సోదరియే మరల ఫోను చేసినది. నాడు మృదంగము వాయించిన పెద్దమనిషి తన జ్ఞాపకార్థము ఆ క్యాసెట్టునుండి మరియొక క్యాసెట్టుమీదికి నకలు తీసికొనెనట. ఆయన కుమారులు దానిని బీరువాలో, తండ్రిగారి మృదంగపు ముచ్చెల ప్రక్కన, భద్రముగా నుంచిరి. అది మాకు చేరినది. టేపు ఒకచోట సాగిపోయినది. ఆద్యంతము బుస. ఫోనులో తిరిగిన ఫైలు దీనికంటె ఎంతో శుభ్రముగా నుండెను. కాని బుస వెనుక చిడతలు చిడతలుగా మ్రోగినవి. గజ్జెలు గజ్జెలుగా మ్రోగినవి. పందిటిలో ఎవరిదో పసిబిడ్డ ఏడ్చుటయు, తల్లి ఊరడించుటయు వినబడినవి.

దానిని పూర్తి నాణ్యముతో పట్టి, ఒక నకలును ఆ సోదరికి పంపితిమి. ఆమె విని మాతో చెప్పిన మాట యిది: "తాతయ్య పద్యం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం వినపడుతోందండీ. ఇన్నేళ్లూ అది మాకు తెలియనే తెలియదు."

ఆ ఊపిరి ఎన్ని మెగాబైట్లని అడిగిన, లెక్కకు అందనంత స్వల్పము. చెవికి తెలియదని యంత్రము తీసివేసినది అట్టివే. వినువారికి చిన్న నకలు చాలును, సందేహము లేదు. కాని ఇంటిలో ఒక్క ప్రతియైనను ఏమియు తీసివేయనిది ఉండవలెను. నేడు బుసగా తోచినదానిని రేపటి సాధనములు మరింత నేర్పుతో వేరుచేయవచ్చును. నేడు పారవేసిన శబ్దమును ఏ సాధనమును తిరిగి తేలేదు.

మీ బీరువాలలో, అటకలమీద, పాత ట్రంకుపెట్టెలలో ఇట్టి క్యాసెట్టులున్నవేమో ఈ ఆదివారము ఒకసారి వెదకి చూడుడు. దొరికినచో పారవేయకుడు. ఇక సెలవు.